హాల్లో గట్టిగా చదివిన ఫారం

2023 జూన్. సికింద్రాబాద్‌లో ఆరోగ్య బీమా పాలసీలు చేయించే పనిలోకి నేను వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లయింది. ఇంత పొట్టేసుకుని ఆరోగ్యం గురించి చెబితే ఎవరు వింటారని మా ఆవిడ సందేహం. వింటారు. నన్ను చూడగానే తమకూ ఒక పాలసీ ఉంటే మంచిదని తోస్తుంది కాబోలు. పొట్టకూటికి పొట్టనే వాడుకునే అదృష్టం అందరికీ పట్టదు.

ఆ నెల్లో కాప్రా నుంచి రమేశ్ అనే అతను ఫోన్ చేశాడు. బేగంపేటలో ఒక హోటల్లో స్టోర్స్ చూసే ఉద్యోగం మానేసి, ఇంటి దగ్గరే కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. ఉద్యోగంతోపాటే గ్రూప్ ఇన్సూరెన్స్, అంటే ఉద్యోగులందరికీ కలిపి యజమాని తీసుకునే బీమా, పోయింది. ఇంట్లో భార్య సునీత, బడికెళ్లే ఇద్దరు ఆడపిల్లలు, తల్లి నర్సమ్మ.

"అన్నా, తక్కువల మంచిది జూడు. దుకాణం ఇప్పుడే షురూ జేసిన. ఎవలన్న దవాఖానల పడితే ఇగ దుకాణం బందే," అన్నాడు.

ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అయిదుగురికీ కలిపి ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఒకే మొత్తాన్ని ఇంటిల్లిపాదీ వాడుకునే పాలసీ, తీసుకోవాలని అతని ఆశ. అందులో ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కేస్తారు. అమ్మకు విడిగా తీసుకుంటే మిగతా నలుగురికీ తక్కువలో వస్తుందని చెప్పాను.

"అంటే నన్ను వేరు వెడుతున్నవా సారూ?" అన్నారు నర్సమ్మగారు.

"వేరు పెట్టేది కాగితంలోనేనమ్మా, వంటింట్లో కాదు."

"వంటింట్ల వేరు వెట్టినా మంచిదేనాయె. వీడు దుకాణంల మిగిలిన కూరలు తెచ్చి రోజూ నాకే పెడుతుండు."

ఆ నవ్వుల్లోనే అక్కర్లేనివి ఒక్కొక్కటీ తీసేయించాను. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాక ప్రసూతి ఖర్చుల కవర్ ఎందుకు? గది అద్దె ఇంతకు మించి ఇవ్వబోమనే షరతున్న పాలసీ చవగ్గా కనిపిస్తుంది గానీ, పెద్ద గదిలో చేరితే గది అద్దెతో ఆగరు, మిగతా బిల్లులో కూడా అదే లెక్కన కోస్తారని చెప్పి, దాన్ని పక్కన పెట్టించాను.

తర్వాత ప్రపోజల్ ఫారం తీశాను. పాలసీ కావాలని కోరుతూ ఆరోగ్య వివరాలన్నీ రాసిచ్చే కాగితమది. పెళ్లి ప్రపోజల్ లాగే ఇందులోనూ ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు తక్కువ. నాకు అప్పట్లో ఒక పద్ధతుండేది. ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి, వ్రతకథ చదివినట్టు ప్రశ్నలన్నీ పైకి చదివేవాణ్ణి. ఒక్కసారికే పని అయిపోతుందని నా తెలివి. ఆ రోజు పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది. బీపీ, షుగర్, గుండెజబ్బు, ఫిట్స్ అని వరసగా చదువుతుంటే అందరూ "లేదు, లేదు" అంటున్నారు. కోడలి వంతు వచ్చేసరికి జవాబు అత్తగారే చెప్పారు.

"మా కోడలికేం రోగం సారూ! పన్నెండేండ్ల సంది ఒక్క దినం మంచంల పండింది లేదు. ఉక్కు లెక్కుంటది."

సునీత నవ్వి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను 'లేదు' గడిలో టిక్కు పెట్టాను. రమేశ్ సంతకం చేశాడు.

కింద స్కూటర్ తీస్తుంటే సునీత చెత్తబుట్ట పట్టుకుని వచ్చింది. బుట్టలో చెత్తేమీ లేదు.

"అన్నా, జెర ఆగు. తక్కువైనయి సుత రాయాల్నా?"

"ఏం తగ్గిందమ్మా?"

"ఫిట్స్. కాలేజీల ఉన్నప్పుడు వచ్చేటియి. పెండ్లైనంక ఒక్కసారి సుత రాలే. బిళ్ల మాత్రం బందు వెట్టొద్దన్నడు డాక్టరు. రోజొకటి ఏస్కుంట."

"ఇంట్లో తెలుసా?"

"తెల్వది. బలం గోలీల డబ్బల పోసుకుంట. పెండ్లప్పుడు మా అమ్మ జెప్పొద్దన్నది. అటెనక ఎట్ల జెప్పాల్నో నాకు తెల్వలే."

'రాయకపోతే ఏమవుతుంది లెండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం కొత్తలో ఒకాయనతో సరిగ్గా ఆ మాటే అన్నాను. తర్వాత ఆయన క్లెయిమ్, అంటే ఆసుపత్రి ఖర్చు ఇమ్మని పెట్టుకున్న అర్జీ, తిరగ్గొట్టారు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"రాయకపోతే రేపు మీరు మామూలు జ్వరంతో చేరినా, ఆసుపత్రి కాగితాల్లో ఆ బిళ్ల పేరు బయటపడుతుందమ్మా. దాచారని పాలసీయే రద్దు చేయొచ్చు. అప్పుడు పిల్లలకూ ఉండదు."

"రాస్తే?"

"మీ ఆయన చదివి సంతకం పెట్టాలి."

ఆమె ఖాళీ బుట్టను రెండో చేతిలోకి మార్చుకుంది. "నన్నొక్కదాన్ని తీసెయ్యన్నా. వాళ్ల ముగ్గురికి చెయ్యి."

"ఎందుకు తీసేశారని ఆయన అడిగితే?"

ఆమె రమేశ్‌కు చెప్పేదాకా ఫారం నా సంచిలోనే ఉంటుందని, ఆమె మాట నేనెవరి దగ్గరా ఎత్తనని చెప్పి వచ్చేశాను.

గురువారం రమేశ్ నా ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసంటే స్టేషన్‌కు దగ్గర్లో ఒక జిరాక్స్ షాపు వెనకాల గది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పన్నెండేండ్లు నాతోని ఉన్నది. నాకంటె ముందుగాల నీకు జెప్పిందన్నా."

"తప్పు నాది కూడా ఉంది తమ్ముడూ. మీ అమ్మగారి ముందు, పక్కింటావిడ ముందు ఫిట్సున్నాయా అని గట్టిగా చదివాను. అక్కడ ఎవరు ఔనంటారు?"

"గా ముచ్చట కాదు. ఇన్నేండ్లు దొంగతనంగ బిళ్ల మింగింది. నేను ఏం జేస్తననుకున్నదన్నా? ఎల్లగొడ్తననుకున్నదా?"

దానికి నా దగ్గర ఏ ఫారమూ లేదు. చాయ్ తెప్పించాను. సగం తాగి, అప్పుడు కూర్చున్నాడు.

"ఇప్పుడు ఆమెకు ఇన్సూరెన్స్ వస్తదా, రాదా? అది జెప్పు."

హమ్మయ్య అనుకున్నాను.

అంత తేలిగ్గా ఏమీ రాలేదు. కొత్త ఫారంలో ఆ బిళ్ల పేరు రమేశే రాసి సంతకం పెట్టాడు. మొదటి కంపెనీ సునీతను తీసుకోలేమని ఒకే ఒక్క వాక్యంలో చెప్పేసింది. "నిజం జెప్తే గిట్లనే ఉంటదా అన్నా?" అని ఫోన్లో అడిగాడు రమేశ్. ఇద్దరినీ ఆమె డాక్టర్ దగ్గరికి పంపి, ఎన్నేళ్లుగా ఫిట్స్ రాలేదో ఉత్తరం రాయించుకు రమ్మన్నాను. ఆ ఉత్తరం చూసి ఇంకో కంపెనీ ఒప్పుకుంది, రెండు షరతులతో. ఒకటి వెయిటింగ్ పీరియడ్: ఫిట్స్‌కు సంబంధించిన వైద్యానికి మూడేళ్లదాకా ఏమీ ఇవ్వరు, మిగతావాటికి ఇస్తారు. రెండోది లోడింగ్: మామూలు ప్రీమియం మీద కొంత అదనం. ఆ అదనం మోయడానికి పది లక్షలకు అనుకున్న కవర్‌ను అయిదుకు తగ్గించుకున్నారు. దుకాణం పుంజుకున్నాక పెంచుకోవచ్చని నేనే చెప్పాను.

నర్సమ్మగారికి సంగతి చెప్పారో లేదో నేను అడగలేదు. ఆ గడి నా ఫారంలో లేదు.

మరుసటేడు వానాకాలంలో సునీతకు డెంగీ వచ్చింది. సైనిక్‌పురి వైపు ఒక ఆసుపత్రిలో చేరుస్తున్నారని తెలిసి వెళ్లాను. అడ్మిషన్ డెస్క్ దగ్గర ఉన్న అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది, "పేషెంటు మందులేమన్నా వాడుతున్నారా?"

రమేశ్ బిళ్ల పేరు పొల్లుపోకుండా చెప్పాడు. ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాడు. "రోజొకటి, అన్నం తిన్నంక. ఇయ్యాల్టిది ఇంక ఏస్కోలే మేడం. మీరిస్తరా, నన్ను తెమ్మంటరా? తప్పొద్దు అది." వెనక లైన్లో పదిమంది ఉన్నారు. అంతమందిలోనూ గొంతు తగ్గించలేదు. పక్కన కుర్చీలో ఒరిగి కూర్చున్న సునీత కళ్లు తెరిచి అతని వైపు చూసింది. క్యాష్‌లెస్, అంటే మనం ముందు కట్టే పనిలేకుండా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా ఇచ్చే పద్ధతి, ఏ పేచీ లేకుండా మంజూరైంది.

చవకైన మంచి పాలసీ ఏదని అడిగేవాళ్లకు నాకు తెలిసిందంతా ఇప్పటికీ చెబుతాను. హాల్లో ఫారం చదవడం మాత్రం మానేశాను. ఒక్కొక్కరితో విడిగా, బాల్కనీలోనో డాబా మీదో కూర్చుని అడుగుతాను. "మా ఇంట్ల దాపరికాలు ఏం లెవ్వు సార్" అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనిస్తాను. 'లేదు' అన్న జవాబు వచ్చాక కూడా పెన్నుకు వెంటనే మూత పెట్టను. ఇంకొక నిమిషం ఊరికే కూర్చుంటాను.