మైకు దగ్గర ఎండిన నోరు

ఫిల్మ్ నగర్ బస్సులో కిటికీ అద్దం సరిగ్గా నేను కూర్చున్న చోటే ఇరుక్కుపోతుంది. ఆరోజు పక్కసీటాయన నిమిషానికో గుక్క నీళ్లు తాగుతున్నాడు.

"సీసా ఖాళీ చేయకపోతే కండక్టరు దానికీ టికెట్ కొడతాడాండీ?" అన్నాను, చమత్కారమనుకుని.

"కీమో మందుకి నోట్లో తడి ఆరిపోయిందండీ. డబ్బింగ్ చెబుతాను. బొంబాయి విలన్లకి తెలుగు నాదే. ఇప్పుడు నాలుక అంగిలికి అతుక్కుని మాటమాటకీ టిక్కుమంటుంది, మైకు ముందుగా దాన్నే పట్టుకుంటుంది. ఇవాళ పెళ్లి సీన్లో జనం గోలకి పిలిచారు. అదీ చెడితే ఇక పిలవరు."

డాక్టరేమన్నారని అడిగాను.

"లాలాజల గ్రంథులు కోలుకోవచ్చు, ఓపిక పట్టమన్నారు. ప్రొడ్యూసరు పడతాడా?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి ధైర్యంగా ఉండమన్నాను.

ఆయన సీసా మూత బిగించి లేచాడు.

"ధైర్యం బోలెడుందండీ. లేనిది ఉమ్మి."