తెలీదక్క

ఆ బీరువాల ఫ్యాక్టరీలో ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీకే పరిమితం. ప్రెస్సుల దగ్గరివాళ్లు ముద్దుగా పిలిచినా, మేనేజరు వెటకారంగా పిలిచినా తెలీదక్కే. తెలియని సంగతిని తెలియదని పదిమందిలో అన్నందుకు వచ్చిన పేరు అది. అబద్ధం ఆడినవాళ్లకు అక్కడ ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

యంత్రాలను నడిపించే ప్రోగ్రాములను పరీక్షించడం ఆమె పని. షెడ్డు పైన అద్దాల గదిలో కూర్చుంటుంది. కిందికి చూస్తే పెద్ద ప్రెస్సు, దాని ముందు ఆమె సొంత అక్క మొగుడు, బావ. చదును రేకును రెండు చేతులతో పైనుంచి దిగే ఇనుప దిమ్మ కింద సర్ది చేతులు లాక్కుంటాడు. దిమ్మ దిగుతుంది, రేకు బీరువా తలుపుగా మారుతుంది. మళ్లీ రేకు, మళ్లీ చేతులు. పక్కనే ఎర్ర బటన్ మీద అరచెయ్యి ఆనించి పిన్ని కూర్చుని ఉంటుంది. ఎవరికి పిన్నో ఎవరూ అడగరు, షెడ్డు మొత్తానికీ పిన్నే. బావ చెయ్యి వెనక్కి రావడం ఆలస్యమైతే బటన్ నొక్కాలి. తుమ్ము వచ్చినా దిగమింగుకోవలసిన ఉద్యోగం.

ఆ ఉద్యోగానికే ఎసరు వచ్చింది.

దిమ్మ ముందు సన్నటి లైట్ల వరుస ఉంటుంది. పాత పద్ధతిలో దానికి ఏది అడ్డొచ్చినా ప్రెస్సు ఆగిపోయేది, ఉత్త రేకు అడ్డొచ్చినా సరే. కొత్త ప్రోగ్రాం అలా కాదు. అడ్డొచ్చింది చెయ్యా, రేకా అని లెక్కగట్టి, చెయ్యి అని తేలితేనే దిమ్మను ఆపుతుంది. పని జోరందుకుంటుంది, పిన్నితో అవసరం ఉండదు. ఇది నమ్మదగిందో కాదో తేల్చడానికి మేనేజరు ఒక బయటి కంపెనీ నుంచి మరో ప్రోగ్రాంను తెప్పించాడు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా, అది పని ముగించుకుని ఆగుతుందో, లోపలే గానుగెద్దులా తిరుగుతూ ఉండిపోతుందో నిమిషంలో చెప్పేస్తుందట.

పరీక్ష అయిన రోజు మేనేజరు షెడ్డులో అందరినీ పోగేసి చెప్పాడు: ప్రోగ్రాం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగదని తేలింది, రేపటి నుంచి బటన్ దగ్గర మనిషి అక్కర్లేదు. బావ మెట్లెక్కి వచ్చి ఆ కబురు మరదలి చెవిన వేశాడు.

ఆమె కీబోర్డును పక్కకు నెట్టింది. "ఆగదన్నారా? అది ఆగకపోతే నీ చెయ్యి పోతుంది బావా."

"అదేంటి? ఆగితే కదా పని చెడేది."

యంత్రం ఆగకూడదు, నిజమే. కానీ లోపలి లెక్క ఆగాలి. లెక్క ఒక కొలిక్కి వచ్చి ఆగితేనే, అడ్డొచ్చింది చెయ్యి అన్న జవాబు బయటికొస్తుంది. తెగని లెక్క తిరుగుతూ ఉంటే దిమ్మ తన దారిన తాను దిగిపోతుంది. ఇదంతా విని బావ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. మీ చదువు మా బుర్రకెక్కదులే అన్నాడుగానీ, ఎప్పట్లా నవ్వలేదు.

ఆమె నేరుగా మేనేజరు గదికి వెళ్లింది. ఆ బయటి కంపెనీ మనిషి అక్కడే ఉన్నాడు. వచ్చిన జవాబు 'ఆగుతుంది' అనేనని, 'ఆగదు' అన్నది తన మాటేనని, ఏదైతేనేం అంతా బాగుందనేగా అర్థమని మేనేజరు తేల్చేశాడు. పరీక్షలు చేసే మనిషిగా నువ్వు కూడా సరే అనేస్తే అయిపోతుందన్నాడు.

ఆమె కంపెనీ మనిషిని ఒక్కటే అడిగింది. ఏ ప్రోగ్రాం ఇచ్చినా జవాబు చెబుతుందా, ఎప్పుడూ తప్పదా అని. ఏదిచ్చినా చెబుతుంది, తప్పే ప్రసక్తే లేదన్నాడు.

"అలాంటిది ఉండదు సార్," అంది మేనేజరుతో. "ఇంకా ఎవరికీ చేతకాలేదని చెప్పట్లేదు. ఎప్పటికీ ఉండడానికి వీల్లేదు."

"ఏం, చట్టమా?"

"చట్టమైతే మీరు దాటేసేవాళ్లు. ఇది లెక్క."

కాలేజీలో సగం క్లాసు కునికిపాట్లు పడిన పాఠం అది. ఆమెను మాత్రం అప్పుడే పట్టుకుంది. కంప్యూటర్ ఎంత పెద్దదైనా, ఎంత వేగంగా నడిచినా తేల్చలేని ప్రశ్నలున్నాయని రుజువు చేసిన పాఠం. ఆ రుజువును ఇప్పుడు మేనేజరు బల్ల మీద పెట్టాలి. ఎడ్డెమంటే తెడ్డెమనే మనుషులు ఉంటారు కదా, మా అక్కలాంటివాళ్లు, అలాంటి ప్రోగ్రాం ఒకటి రాస్తానంది. నాలుగు వాక్యాల ప్రోగ్రాం. తన గురించి తానే కంపెనీవాళ్ల ప్రోగ్రాంను అడుగుతుంది. నువ్వు ఆగుతావని జవాబొస్తే ఆగకుండా తిరుగుతుంది. ఆగవని వస్తే ఆగిపోతుంది.

దాన్ని కంపెనీవాళ్ల ప్రోగ్రాంకు ఇచ్చారు. నిమిషంలో 'ఆగుతుంది' అని వచ్చింది. తర్వాత ఆ తెడ్డెం ప్రోగ్రాంను నడిపించారు. నిమిషం గడిచింది. ఆగలేదు. కాసేపు చూద్దాం, ఆగొచ్చు అన్నాడు కంపెనీ మనిషి. అంతా తెరకేసి చూస్తూ కూర్చున్నారు. టీ వచ్చింది, చల్లారింది. ఎంతసేపు చూడాలని ఆమె అడిగితే అతను చల్లారిన టీ అందుకున్నాడు.

మేనేజరు మాత్రం ఊరుకోలేదు. ఇలాంటి వంకర ప్రోగ్రాం ఎవడు రాస్తాడు, మన ప్రెస్సుది ఇలాంటిది కాదుగా అన్నాడు. అందులో న్యాయముంది. ఆమె కాదనలేదు. చాలా ప్రోగ్రాముల సంగతి కచ్చితంగా తేల్చవచ్చు, తేల్చలేనివి మాత్రం ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. అలాంటిది ఎదురైనప్పుడు మీది ఏం చెబుతుందని కంపెనీ మనిషిని నిలదీసింది.

అతను మేనేజరు వంక చూసి, గొంతు తగ్గించాడు. "నిమిషంలో తేలకపోతే ఆగుతుందనే చూపిస్తుంది మేడం. తెలియదని చూపిస్తే కొనేవాళ్లుండరు."

అంటే అక్కడ అమ్ముడవుతున్నది ధైర్యం. ఆ ధైర్యం మేనేజరుకి, కోత పడేది బావ వేళ్లకి. ఆ ముసుగు తీసేసి ప్రెస్సు ప్రోగ్రాంను మళ్లీ పరీక్షించమని ఆమె పట్టుబట్టింది. నిమిషం తర్వాత తెర మీద ఒకటే మాట: తెలియదు.

అప్పటికే తలుపు దగ్గర బావ, పిన్ని, ఇంకొందరు చేరారు. మేనేజరు ముఖం కందగడ్డయింది.

"అయితే ఇరుక్కుంటుందంటావా?"

"తెలీదు సార్."

"ఇరుక్కోదంటావా?"

"తెలీదు."

"మరి నీకు తెలిసిందేంటి?"

"మీకూ తెలీదని."

పిన్ని లేకుండానే రేపు ప్రెస్సు నడుస్తుందని, నచ్చనివాళ్లకు గేటు తెరిచే ఉందని చెప్పి మేనేజరు గదిలోంచి అందరినీ పంపేశాడు.

పొద్దున్నే ప్రెస్సు ఆన్ చేశారు. బావ రేకు ఎత్తలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు వచ్చి కారణమడిగితే, ఈ చేతులు మా ఆవిడవి సార్, పోగొట్టుకొస్తే ఇంట్లోకి రానివ్వదు అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే పక్క ప్రెస్సు ఆగింది. తర్వాత దాని పక్కది. షెడ్డులో ఫ్యాన్ల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. పైన ఆమె అద్దానికి దగ్గరగా జరిగింది. ఇంతమంది పొట్టలు తన ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఆ మాట 'ప్రమాదం' అయినా కాదు, ఉత్త 'తెలీదు'.

మధ్యాహ్నానికి మేనేజరు పిన్నిని మళ్లీ బటన్ దగ్గరికి పిలిపించాడు. 'ప్రస్తుతానికి' అన్న మాటను నొక్కి మరీ చెప్పాడు. లెక్క తేలేదాకా దిమ్మ దిగకుండా మార్చమని కూడా తెలీదక్క అడిగింది. పని మందగిస్తుందంటూ దాన్ని దాటవేశారు. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఆనాటి నుంచి ఆ ప్రోగ్రాం ఒక్కసారీ ఇరుక్కోలేదు. మేనేజరు కిందికి దిగినప్పుడల్లా అందరికీ వినపడేలా ఆ మాటే అంటాడు: ఏం తెలీదక్కా, ఇన్నాళ్లయింది, ఏమైనా అయిందా? ఇన్నాళ్లు కాలేదన్నది రేపటి గురించి ఏమీ చెప్పదని అతనికి ఎన్నిసార్లు చెబుతుంది. బావ రేకు అందుకుంటాడు. పిన్ని వైపు చూస్తాడు. పిన్ని అరచెయ్యి బటన్ మీద ఆనించి, తల ఆడించాకే చేతులు లోపల పెడతాడు.