సప్న ఘాగ్రా అద్దాలు

రింగ్ రోడ్ మార్కెట్లో చీరలకు రాళ్లు అంటించే జిగురు వాసన తగిలితే, ఇప్పటికీ నా వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నట్టే ఉంటుంది.

మేముండే పర్వత్ పాటియా బస్తీలో సప్న వాళ్లది మా పక్కిల్లే. అమ్మ ఇంట్లో రాళ్ల పని చేసేది కాబట్టి చిన్నప్పుడే నాకూ ఆ పని వచ్చేసింది. నవరాత్రుల ముందు సప్న తన ఘాగ్రా పావడ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"జర అద్దాలు అంటియ్యవే. దాండియాల మనిద్దరిదే జోడీ."

రోజూ బడి నుంచి రాగానే అంటించేదాన్ని. సప్న పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. పని పూర్తయిన రోజు ఘాగ్రా మడిచి తీసుకెళ్లింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

దాండియా మొదలైన సాయంత్రం ఆమె ఇంకో అమ్మాయితో జోడీ కట్టింది. నేను వరుస చివర నిలబడ్డాను. ఆ ఆటలో ఎదుటివాళ్ల కర్రకు కర్ర తాకించి పక్కకు జరుగుతారు, అలా అందరికీ అందరూ ఎదురవుతారు. సప్న నా ముందుకొచ్చింది, కర్ర తాకించింది, పక్కపిల్లతో నవ్వుతూ జరిగిపోయింది.

ఆట అయిపోయినా నేను కదల్లేదు.

"ఏందే, ఇంటికి రావా?" అంది అమ్మ.

"జర ఆగమ్మా. సప్న మళ్ల నా దిక్కు వస్తది."

అమ్మ నా వేళ్ల మీద ఎండిన జిగురును గోటితో గీకుతూ కూర్చుంది.

జరిగిపోవడం ఆట పద్ధతి అనుకున్నాను. వీధిలో సప్న నన్ను చూడనట్టు వెళ్లినప్పుడు కూడా, ఇంకో చుట్టు మిగిలే ఉందనుకున్నాను.

మరుసటి ఏడు సప్న అదే ఘాగ్రా కట్టింది. ఒక్క అద్దం కూడా ఊడలేదు.