పొలిమేర చేట

మా అమ్మకు దేవుడు కనబడితే చాలు, కారు ఆగాల్సిందే. పోయిన శీతాకాలం సింహాచలం చూసుకుని అరకు బయల్దేరాం. నాలుగేళ్ల నా కూతురు విషజ్వరంతో ఆసుపత్రిలో పడి, అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది. ఆ మొక్కులన్నీ దానికోసమే. బొర్రా గుహల్లో శివలింగం ముందు కూడా అమ్మ దండం మానేసి పాప మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. "చల్లగానే ఉందే," అంది. పొద్దున్నుంచీ అదే మాట. నాకు చిర్రెత్తుకొచ్చింది.

గుహలు దాటాక ఒక మలుపులో డ్రైవరు కారాపి, కాస్త దూరంలో ఉన్న కొట్లో టీ తాగడానికి వెళ్లాడు. మంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్కన రాతి మీద పాత చేట ఒకటి ఉంది. అందులో పసుపు బియ్యం, గాజులు, వేపమండ, కుంకుమ. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. ఆ బియ్యాన్ని ఒక్క కాకి కూడా ముట్టలేదు.

"ఏ తల్లో, దారిలోనే దర్శనమిచ్చింది," అంటూ అమ్మ ఆ కుంకుమ తీసి పాప నుదుట దిద్దింది. నాకెందుకో ఒళ్లు జలదరించింది. చలి అనుకున్నాను.

అరకు మ్యూజియంలో గిరిజనుల బతుకును బొమ్మలుగా పెట్టారు. ఒకచోట నలుగురు మనుషులు చేట మోసుకుపోతున్నారు. "ఇందాకటి తల్లే!" అని అమ్మ సంబరపడింది. మా వెనకే వస్తున్న డ్రైవరుది ఆ మన్యంలోనే పెదబయలు దగ్గర పల్లె. ఆ మాటకు ఆగిపోయాడు.

"ఎక్కడ సూసినారు మామ్మగారూ?"

"దారిలోనే బాబూ. పాపకు బొట్టు కూడా పెట్టాను."

అతను పాప ముఖం చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యో, ఏటి సేసినారమ్మా! ఊర్లో జొరాలొస్తే ఆ తల్లిని సేటలో ఎట్టి పొలిమేర దాటించేస్తారు. ఎవులూ ముట్టరు. ముట్టినోల్ల ఎనకాల ఎల్లిపోద్దంటారు."

అమ్మ కొంగు తడిపి పాప నుదురు తుడిచింది. చర్మం కంది, పాప ఏడ్చేదాకా తుడిచింది. నాన్న పోయాక బొట్టు మొహం చూడని మా అమ్మ, కొంగుకంటిన ఆ ఎరుపును తన నుదుటికి రాసుకుంది.

"నా వెంట రా తల్లీ. పసిదాన్ని వదిలెయ్," అంది.

"చాల్లే నీ చాదస్తం," అని కసిరాను. ఇలాంటివి నేను నమ్మను. నమ్మనని అందరికీ చెబుతాను కూడా.

తిరుగు ప్రయాణంలో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. "అమ్మమ్మ ఒళ్లోకి పోతా," అని పాప చేతులు చాపింది. అమ్మ వెనక్కి తిరగలేదు. పాప గింజుకుంటున్నా నేను వదల్లేదు. ఘాట్ రోడ్డు దిగేదాకా దాన్ని అమ్మ దగ్గరికి పోనివ్వలేదు.