యు హావ్ టు వెకేట్

తిరుచానూరులో నేను పనిచేసే లాడ్జికి ఒక ఏడాది ఇంగ్లీషు జ్వరం పట్టింది. ఉత్తరాది యాత్రికులు పెరిగారనీ, వాళ్ళతో తల ఊపి నవ్వితే ఇక కుదరదనీ యజమాని తేల్చేశాడు. చిత్తూరు నుంచి ఒక మాస్టారును పిలిపించాడు. చొక్కా దోపుకుని బూట్లు టకటకలాడిస్తూ వచ్చిన ఆ మహానుభావుడి దగ్గరున్న సరుకంతా ఒక్కటే: యు హావ్ టు. నువ్వు చేసి తీరాలి అని దాని అర్థమట. వెనక ఏ పని తగిలించినా ఇంగ్లీషు అయిపోతుందట. పదిహేను రోజులు అదే నూరిపోశాడు.

వంటాయన ‘యు హావ్ టు ఈట్’ అంటూ వడ్డిస్తుంటే కడుపు నిండినవాళ్ళు కూడా భయపడి ఇంకో రెండు ఇడ్లీలు మింగారు. ఊడ్చే ఆవిడ గేటు దగ్గరి కుక్కతో ‘యు హావ్ టు గో’ అంది. పదేళ్ళుగా ‘ఛీ’ అంటే లేచిపోయే కుక్క, ఆ రోజు కాళ్ళు చాపుకుని మధ్యాహ్నం దాకా ఆలోచించింది. నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు కుక్కనే అడగవచ్చు.

నాకు మాత్రం ఇది నవ్వులాట కాదు. పాఠాలయ్యాక పెట్టే పరీక్షలో తప్పినవాణ్ణి మెట్ల కింద సామాన్ల గదిలో కూర్చోబెడతానని యజమాని ముందే చెప్పాడు. రిసెప్షన్ కుర్చీ ఇరవై ఏళ్ళుగా నాది.

ముహూర్తాల రోజుల్లో పరీక్ష రానే వచ్చింది. మొదటి అంతస్తులో పెద్ద గదిని పదింటికి పెళ్ళివారికి ఇవ్వాలి. అందులో ఉత్తరాది ఆయనొకడు తల్లితో దిగి ఉన్నాడు. ఆమెకు మెట్ల మీద కాలు మడతపడితే, పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకుని వచ్చాడు. పొద్దున్నే యజమాని నన్ను పిలిచాడు.

“పొయ్యి ఆ గది ఖాళీ చేయించప్పా. మాస్టారు నేర్పించినట్టే ‘యు హావ్ టు వెకేట్’ అని చెప్పాల. సాగదీసినావంటే నీకు సామాన్ల గదే.”

“ముసలామె కాలికి కట్టుతో ఉండాది సార్. లేచి పొమ్మని యట్ల చెప్పేది?”

“అందుకే గదప్పా ఇంగ్లీషు.”

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని పొమ్మనరు. గిట్టనివాడికైనా ‘పొయ్యిరా’ అనే చెబుతారు. నా పద్ధతీ అంతే. గడువుకు గంట ముందు నేనే కాఫీ పట్టుకెళ్ళి, దర్శనం బాగా అయిందా, బండి ఎన్నింటికి అని అడిగేవాణ్ణి. ఆ కాఫీ చూడగానే వాళ్ళు పెట్టె సర్దడం మొదలుపెట్టేవారు. ఇరవై ఏళ్ళలో ఖాళీ చేయమన్న మాట ఒక్కరితోనూ అనలేదు. ఆ రోజూ అనలేకపోయాను. రెండు కాఫీలు పట్టుకుని మేడెక్కాను. మార్కులు వేయడానికి మాస్టారు వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

కొడుకు కాఫీ అందుకుని దండం పెట్టాడు. తల్లి నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవించింది. బండి ఎన్నింటికని సైగ చేశాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత మర్యాద ఎక్కడా చూడలేదనీ, అమ్మ కాలు నయమయ్యేదాకా ఇక్కడే ఉంటామనీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ కాఫీ మావాళ్ళకే అర్థమవుతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

మాస్టారు గొంతు సవరించుకుని ముందుకొచ్చి, “యు హావ్ టు...” అన్నాడు. ముసలామె కట్టు కాలు కాస్త జరుపుకుని ఆయన మొహంలోకి చూసింది. పదిహేను రోజులు మా చేత వల్లె వేయించిన ఆ పులి, “...రెస్ట్” అని ముగించి కిందికి దిగిపోయింది.

పెళ్ళివారికి యజమాని తన సొంతింటి మేడ ఇవ్వాల్సి వచ్చింది. మాస్టారు తప్పలేదు. నేర్పేవాడికి పరీక్ష ఎవరు పెడతారు? సాయంత్రం యజమాని మాస్టారును వెంటబెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“రేపట్నించి సామాన్ల గదిలో కూసోప్పా.”

అందులో ఇంగ్లీషు ముక్క ఒక్కటీ లేదు. చక్కగా అర్థమైంది. తాళాల గుత్తి బల్ల మీద పెట్టాను. నేను పూర్తిగా లేచేదాకా కూడా ఆగకుండా, మాస్టారు కుర్చీని తన వైపు లాక్కున్నాడు.