పన్నెండో క్యాసెట్

పోయిన వారం కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక మొబైల్ దుకాణం ముందు నిలబడి, ఫోన్ మీద అంటించే పలచటి గాజు ముక్క కోసం గీచి గీచి బేరం చేస్తున్నాను. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాడికి బేరం ఆకలి లాంటిది, అవసరం ఉన్నా లేకున్నా వేళకు అవుతుంది. ముప్పావు వంతు గెలిచాను. ఇంకొక్క మాట అంటే అవతలివాడు చేతులెత్తేసేవాడే. సరిగ్గా అప్పుడు కౌంటర్ మీది చిన్న స్పీకర్‌లో అతను పెట్టుకున్న పాట అయిపోయి, దానంతటదే ఇంకొకటి మొదలైంది. ఇంగ్లీషు పాట. గిటార్ ఒక్కటే, దాని మీద ఒక ముసలి గొంతు. రెండు చరణాలు కాకముందే బేరం సంగతే మరిచిపోయాను. అతను మొదట చెప్పిన ధరే తీసి చేతిలో పెట్టాను. అతను సంతోషించకపోగా నోట్లను ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని తప్పేం లేదు. ఆ బజారులో నా పేరు అలాంటిది.

ఆ పాడినాయన బ్రిటన్ దేశస్థుడు. నేను ఆయన్నీ చూడలేదు, ఆయన దేశాన్నీ చూడలేదు. అయినా ఆయన పదకొండు క్యాసెట్లలో ఏది ముందో ఏది వెనకో, ఏది పాడేనాటికి ఆయన ఇంట్లో ఏం జరిగిందో మా మేనమామ సంగతి చెప్పినట్టు చెప్పగలను. నాకు అవన్నీ చెప్పింది ఎల్లారెడ్డిలో ఒక ఇంగ్లీషు సారు గారి భార్య. ఆమెకు ఇంగ్లీషు రాదు.

అది రెండువేల పదకొండు. కామారెడ్డిలో మా బాపు పెట్టిన క్యాసెట్ల దుకాణం నా చేతికొచ్చేసరికి జనం గోరంత మెమరీ కార్డుల్లో వందల పాటలు నింపించుకుని పోతున్నారు. అయినా ట్రాక్టర్లవాళ్ళకు, ఆటోలవాళ్ళకు, మైకు సెట్టు కిరాయికిచ్చేవాళ్ళకు క్యాసెట్ కావాలి. బతుకమ్మ వచ్చిందంటే ఊరూరి ఆడవాళ్ళకు కావాలి. కొత్త ఖాళీ క్యాసెట్లేమో హైదరాబాద్‌లోనే దొరకడం మానేశాయి. అందుకని పాతవి సంపాదించి, వాటి మీద కొత్త పాటలు ఎక్కించి అమ్మేవాణ్ణి. దాన్ని మా దుకాణంలో కడగడం అనేవాళ్ళం. బాపు పెట్టిన రివాజు ఇంకొకటి ఉండేది. రిపేరుకొచ్చిన టేప్ రికార్డర్ కడుపులో ఏ క్యాసెట్ దొరికినా అది దుకాణానిదే. అడిగితే తిరిగిస్తాం, అడగకపోతే బుట్టలో వేస్తాం. చాలామంది అడగరు. ఆ రివాజు మీద మేం చాలా పాటలు పోగేసుకున్నాం, అది తప్పని ఎవరూ అనుకోలేదు.

వానాకాలం చివర పాత క్యాసెట్ల కోసం బస్సెక్కి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయాను. చర్చి వెనక సందులో ఆ ఇల్లు. సారు పోయి ఏడాది దాటింది. గోడకు ఆయన ఫోటో, దాని కింద బల్ల, బల్ల మీద అల్లిన గుడ్డ కప్పిన టేప్ రికార్డర్. పక్కన వరుసగా పదకొండు క్యాసెట్లు, ఒక్కటి కూడా దుమ్ము పట్టలేదు. టేపు లోపలి బెల్టు సాగిపోయి పాట ఊబిలో నడిచినట్టు నడుస్తోంది. బెల్టు మార్చి ఇస్తాను, దానికి బదులు ఈ పదకొండూ నావి అన్నాను. సులువుగా ఒప్పుకుంటుందనుకున్నాను.

ఆమె నన్ను మించిన మనిషి. "ఇస్త సేటు. కానీ ఇనకుండ తీస్కపోతె ఇయ్య. ఒక్కొక్కటి ఏందో ఇని తీస్కపో" అంది.

అలా ఆ మధ్యాహ్నమంతా కూర్చోబెట్టింది. సారు ఆ క్యాసెట్లను హైదరాబాద్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టే బజారులో ఏడాదికొకటి చొప్పున వెతికి తెచ్చాడట. లోపలి కాగితం మీదున్నది చదివి ఆమెకు తెలుగులో చెప్పేవాడట. ఆమె ఇప్పుడు నాకు చెబుతోంది. మొదటిదాంట్లో గిటార్ ఒక్కటే, పెళ్ళి కానప్పుడు పాడింది. మూడోదాంట్లో డప్పుల మోత, దోస్తులతో కలిసి పాడింది, తర్వాత ఆ దోస్తులు విడిపోయారు. అయిదోదాంట్లో వందమంది వాయిద్యగాళ్ళు. ఏడోది చర్చిలో పాడింది, తల్లి పోయిన నెలకు. తొమ్మిదోదాంట్లో ఆయన నోరే విప్పలేదు, పియానో మీటలు మాత్రం నొక్కాడు. పదకొండోదాంట్లో గొంతు గరగరలాడుతూ పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా పాడాడు. ఒకడే మనిషి పదకొండు మందిలా ఉన్నాడు. సాగిన బెల్టు మీద ఆ పదకొండు మందీ ఒక్కొక్కరే మందగించి, ముసలివాళ్ళై, ఆగిపోయేవాళ్ళు. కరెంటు పోయినప్పుడల్లా పాట నేలలోకి దిగిపోయినట్టు పోయేది. ఆమె మాత్రం ఆగిన చోటు వైపే చూస్తూ కరెంటు వచ్చేదాకా కదలకుండా కూర్చునేది. నేను నాలుగింటి బస్సు గురించి ఆలోచిస్తూ తలూపుతున్నాను.

వినిపించడం అయ్యాక ఆమె, అంతకుముందు లోపల ఉన్న క్యాసెట్‌ను తిరిగి టేపులోనే పెట్టి మూసింది. టేపునూ ఆ పదకొండింటినీ సంచిలో పెట్టుకుంటుంటే, "లోపలున్నదాన్ని పైలం బిడ్డా, అది నాకు గావాలె" అంది. ఆ మాట నాకు వినబడింది. బేరం గెలిచిన సంబరంలో అది చెవిలోనే ఆగింది, లోపలికి దిగలేదు.

బెల్టు హైదరాబాద్ నుంచి రావాలి. రావడానికి రోజులు పట్టింది. ఈలోగా బతుకమ్మ దగ్గర పడింది. అచ్చు లేబుళ్ళున్న క్యాసెట్లను కడగాలంటే పైన ఉన్న చిన్న కంతలకు కాగితం అంటించాలి, లేకపోతే మిషన్ రికార్డు చేయదు, అదొక పని. టేపు కడుపులో దొరికినదానికి అచ్చు లేబుల్ లేదు, కంతలూ లేవు. రివాజు ప్రకారం అది దుకాణానిదే. ముందు ఒక్క నిమిషం విన్నాను. కుర్చీ కిర్రుమన్నది, ఆ తర్వాత ఏమీ లేదు. ఖాళీ అనుకుని, దాని మీద బతుకమ్మ పాటలు ఎక్కించి, మా దుకాణం చీటీ అంటించి, మహమ్మద్‌నగర్ నుంచి వచ్చిన ఒక అక్కకు అమ్మేశాను.

ఆ అక్క నాలుగో రోజు పొద్దున్నే తిరిగొచ్చింది. క్యాసెట్‌ను కొంగు చివర కట్టుకుని తెచ్చింది, చేత్తో ముట్టుకోలేదు. "మా ఆడోళ్ళ పాటల కింద ఎవడో మొగోడు పాడుతుండు. ఊరంత ఇన్నది. పిల్లలు ఆడుడు బంద్ చేసిండ్రు" అంది. నేను అలవాటు కొద్దీ బేరానికి దిగాను. మీ మైకులో రేడియో పట్టి ఉంటుంది అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "రేడియోల మొగోడు పాటకు పాటకు నడుమ ఊపిరి పీల్చుకుంటడా అన్నా? నా పక్కన నిలవడి పీల్చినట్టున్నది." ఇంకో క్యాసెట్ ఇచ్చి పంపాను. మారుమాట్లాడకుండా ఇచ్చిన మొదటి వస్తువు అదే.

షట్టరు సగం దించి, పట్టపగలే, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. చప్పట్లు, ఆడవాళ్ళ గొంతులు, ఉయ్యాలో అన్న వంత. ఆ వంతకింద, నీళ్ళ అడుగున దీపం వెలిగినట్టు, ఒక మగ గొంతు. ఇంగ్లీషు. పాటకూ పాటకూ మధ్య ఖాళీలో అది పైకి తేలేది, నిజంగానే ఊపిరి పీల్చుకునేది, మళ్ళీ చప్పట్ల కింద మునిగేది. ఎలా జరిగిందో నాకు తెలుసు. నా రికార్డింగ్ మిషన్‌లో పాతదాన్ని తుడిచే భాగం అరిగిపోయింది, సగమే తుడుస్తోంది. తెలిసినా నమ్మలేక క్యాసెట్ బయటికి తీశాను. మా దుకాణం చీటీ గోటితో గీకితే కింద నీలం సిరాతో, అంటించేనాడు నేను గమనించని ఒక అంకె కనబడింది. పన్నెండు. అప్పుడు ఆమె చెప్పిన 'పైలం' లోపలికి దిగింది.

ఇక నాతో నేనే బేరం మొదలుపెట్టాను. ఇది ఆ తెల్లాయన గొంతే, పన్నెండో క్యాసెట్, ఎక్కడైనా దొరుకుతుంది, వెతికి తెచ్చిస్తే సరిపోతుంది. పదకొండూ ముందు పెట్టుకుని పోల్చాను. ఒకసారి మూడోదానిలా ఉంది, ఒకసారి ఏడోదానిలా. పాట మాత్రం ఆ పదకొండింట్లో దేంట్లోనూ లేదు. అయినా తెల్లాయనే కావాలని మా ఇంటి దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

బెల్టు వచ్చింది. టేపు బాగు చేసి, పదకొండు క్యాసెట్లూ వెనక్కి తీసుకుని, పన్నెండోది జేబులో పెట్టుకుని ఎల్లారెడ్డి పోయాను. జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. క్యాసెట్ తీసుకుని కొంగుతో తుడిచి, టేపులో పెట్టి మీట నొక్కింది. బతుకమ్మ పాట మొదలైంది. నేను గోడకున్న ఫోటో వైపు చూడకుండా కూర్చున్నాను.

మొదటి పాట అయింది. ఖాళీలో ఆ గొంతు తేలింది. ఇంగ్లీషు చరణం ముగిసింది, గిటార్ ఆగింది. తర్వాత, దుకాణంలో నాకు ఊపిరిలా మాత్రమే వినబడిన చోట, అదే గొంతు మామూలుగా, ఇంట్లో మనిషి మాట్లాడినట్టు, తెలుగులో అంది. "ఇన్నవా?"

"ఇన్న" అంది ఆమె.

నా మొక్కులన్నీ అక్కడితో అయిపోయాయి. తెల్లాయనకు తెలుగు ఎక్కడిది?

రెండో పాట కింద కూడా అలాగే జరిగింది. మూడోదాని దగ్గర ఆ ప్రశ్న పూర్తిగా చప్పట్ల కింద మునిగిపోయింది, నాకు ముక్క వినబడలేదు. ఆమె మాత్రం సరిగ్గా ఒకచోట తలెత్తి "ఇన్న" అంది. టేపులో ప్రశ్న తర్వాత ఆ మాట పట్టేంత ఖాళీ ఉంది. అంతకు ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను అడగకముందే ఆమె చెప్పింది. "పదకొండు దొరికినయి. పన్నెండోది వస్తదని ఏండ్లకేండ్లు ఎదురు చూసిండు. రాలే. ఆయనే రాసుకొని, గిటార్ వాయించుకుంట ఆయనే పాడిండు. నేను వంటింట్ల ఉంటే ప్రతి పాటకు అడిగెటోడు. నా మాట అండ్ల ఎక్కలే, దూరమైంది."

ఆయన గొంతు ఇంకెక్కడైనా ఉందా అని అడిగాను. లేదంది. అప్పుడు నేను నా జన్మలో అననిది అన్నాను. ఏం కావాలంటే అది ఇస్త పెద్దమ్మా, నువ్వే చెప్పు. ఆమె చేతులు అప్పటికే ఒళ్ళో, తనకు తెలియకుండా, బతుకమ్మ పాటకు దరువు వేస్తున్నాయి. పెళ్ళికి ముందు నిజాంసాగర్ దగ్గర పుట్టింట్లో ఆడేదట, చర్చికి వచ్చాక మానేసిందట. "బతుకమ్మకు ముందుగాల ఏటేట అచ్చి బెల్టు సూసి పో. బెల్టు సాగితె ఆయన అడిగేది ఆలస్యమైతది. అదొక్కటే" అంది.

మూడేళ్ళు పోయాను. ఒకసారి ఆ క్యాసెట్‌ను మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చాను. కార్డులో ఆడవాళ్ళ పాటలు స్పష్టంగా వచ్చాయి, వాళ్ళ కింద ఎవరూ లేరు. ఆమె అది పక్కన పెట్టి మళ్ళీ టేపే పెట్టుకుంది. ఏడాదికేడాది ఆ గొంతు పలచబడుతూ వచ్చింది. రెండువేల పద్నాలుగులో కొత్త బెల్టు వేసి మీట నొక్కితే నాకు చప్పట్లు తప్ప ఏమీ వినబడలేదు. నేను పాటలు లెక్కపెడుతూ ఆమె ముఖమే చూస్తున్నాను. "ఇన్న" అంది. ఆగింది. మళ్ళీ సరిగ్గా ఆ చోట "ఇన్న" అంది. ఆ తర్వాతి ఏడు పోయేసరికి ఆమె టేపుతో సహా నిజాంసాగర్ అవతలి ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. బాపు రివాజును నేను ఆ మొదటి ఏడే మానేశాను. రిపేరుకొచ్చిన ఏ పెట్టెనైనా మనిషి ముందరే తెరిచి, లోపలున్నది వాళ్ళ చేతిలో పెట్టేవాణ్ణి.

పోయిన వారం ఆ మొబైల్ దుకాణం అతన్ని ఈ పాట ఎప్పటిదని అడిగాను. ఫోన్ చూసి, ఈ ఏడే వచ్చిందన్నాడు. తెల్లాయన ఇన్నేళ్ళ తర్వాత, ముసలితనంలో, మళ్ళీ పాడాడన్నమాట. అయితే ఆ వరుస నాకు కొత్తది కాదు. ఉయ్యాలో అన్న వంతకింద, నీళ్ళ అడుగున, సారు గొంతులో దాన్ని నేను ముందే విన్నాను. నా చెవులు పొరబడి ఉండొచ్చు. నా మాట నేనే నమ్మడానికి నాకు రెండో మనిషి సాక్ష్యం కావాలి, ఆ మనిషి ఇప్పుడు నిజాంసాగర్ కాలువల అవతల ఉంది. పాట ముగిసింది, గిటార్ ఆగింది. ఇంకొకటి మొదలయ్యే లోపల కాస్త ఖాళీ వచ్చింది. నా నోరు దానంతటదే "ఇన్న" అంది.

"ఏమన్నవన్నా?" అన్నాడు దుకాణం అతను.

ఏం లేదన్నాను. కాలంతో ఎన్నోసార్లు బేరమాడాను, అది ఎప్పుడూ ఒక్క మెట్టు దిగలేదు. నాకు తెలిసి అది విడిచిపెట్టింది ఆ ఖాళీ ఒక్కటే, ఒక మనిషి ఒక మాట బదులు చెప్పడానికి పట్టేంత.