మడతలో పడ్డ మొహం

పెదనాన్న ఫొటో నేనే చింపేశానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. నేను పత్రిక పిన్నులు తీశానంతే. ఆయన్ని రెండు ముక్కలు చేసింది పత్రికవాళ్ళు.

మొన్న పలాసలో డాక్టరు కోసం కూర్చుని ఓ వారపత్రిక తెరిస్తే, రెండు పేజీల నిండా సముద్రం. చప్పున మూసేశాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఉద్దానం తీరంలో చేపల వేటకు వెళ్ళిన పెదనాన్న తిరిగి రాలేదు. ఆయనకున్న ఒకే ఒక్క ఫొటో అంతకు ముందు ఏడాది ఒక వారపత్రికలో వచ్చింది. ఎడమ పేజీ నుంచి కుడి పేజీ దాకా నీలం పరిచి, నట్టనడుమ తెప్ప మీద ఆయన్ని నిలబెట్టారు. పేజీ తిప్పేవాళ్ళ చెయ్యి ఆగిపోవాలని అలా వేస్తారట. ఆగేది, నిజమే. కానీ మొహం సరిగ్గా మడతలో పడింది.

పెద్దమ్మ రోజూ పత్రికను విరిచిపట్టుకుని ఆ మడతలోకి తొంగిచూసేది. మిగతా మొహం లోపల దాగి ఉందనుకుని, ఒక మధ్యాహ్నం నేను పిన్నులు పీకేశాను. పేజీలు విడిపోయాయి.

"ఓలే గుంటా, ఏటి సేసినావే!" అంటూ పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. కొట్టలేదు. రెండు ముక్కలనూ నేల మీద అంచుకు అంచు చేర్చింది. నడుమ కొంత మొహం అసలు అచ్చే కాలేదు. కళ్ళు రెండూ ముక్కుకు అతుక్కుపోయి, ఎవరో కొత్త మనిషి మమ్మల్ని చూశాడు.

"మీ పెదనాన్న కాదే ఈయన," అంది. ముక్కల్ని కాస్త ఎడంగా జరిపి, "నువ్వు సెప్పే, ఆయనేనేటి?" అని నన్నే అడిగింది.

ఇప్పుడు పెదనాన్నను తలుచుకుంటే నాకు ఆ ఇరుకు కళ్ళ మనిషే కనిపిస్తాడు. పెద్దమ్మ కూడా పోయింది. నన్ను తప్పుపట్టేవాళ్ళలో ఒక్కరైనా చెప్పండి, పెదనాన్న కళ్ళ మధ్య అసలు ఎంత ఎడం ఉండేది?